లేని జంతువుకు మార్కులెందుకు?



పోయిన ఆదివారం మన హాల్లో పిల్లల బొమ్మల పోటీ జరిగింది కదా. అంశం 'నాకు నచ్చిన జంతువు'. చంద్రపూర్ పిల్లలు కాబట్టి సగానికి సగం పులులే గీశారు. కుక్కలు, పిల్లులు, ఒక పాప గీసిన చక్కటి గేదె. ఒక్క పిల్లాడు మాత్రం పేజీ నిండా ఒక సింహాన్ని గీసి, దాని కాళ్ళ కింద పిడికెడంత ఏనుగును గీశాడు. మార్కులు వేసే బల్ల దగ్గర పెద్దలొకరు ఆ కాగితం చూసి, "ఏనుగు కంటే పెద్ద సింహం ఎక్కడుందండీ? లేని జంతువుకు మార్కులెందుకు?" అని పక్కన పెట్టేశారు. వచ్చే ఏడాది నుంచి 'నిజమైన జంతువులే గీయాలి' అని రూలు పెడదామని కూడా అన్నారు. ఆయన మాకు కావలసినవారు, సంఘం కోసం ఎంతో చేసినవారు. కోపంతో అన్న మాట కాదది. అయినా ఆ బల్ల దగ్గరే కూర్చున్న మేము నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక మా ఇంటావిడ అడిగింది, "ఆ సింహం మన జట్‌పురా గేటు మీదది కదా, మీరు చెప్పొచ్చు కదా" అని. ఆ రోజు చెప్పలేని మాట ఈ రోజు రాస్తున్నాం. కొంచెం పొడుగవుతుంది. అలవాటే కదా, ఓపిక పట్టండి.

ఇంకో మాట. 'మేము' అని రాస్తున్నామని మీలో కొందరు వేళాకోళం చేస్తుంటారు. ఆఫీసు కాగితాల మీద 'నేను' అని రాయకుండా ఉద్యోగం గడిపిన చెయ్యి ఇది. పైగా ఈ మధ్య ఏ ఆలోచన వచ్చినా ఇంట్లో ఇద్దరం కలిసే ఆలోచిస్తున్నాం. ఈ వ్యాసం నిజంగానే ఇద్దరిదీ. మా చదువు వేలూరులో, అరవ బడిలో. తెలుగు అక్షరాలు మా నాయన పాత రైల్వే క్యాలెండరు వెనక రాసి నేర్పించారు. తప్పులుంటే మన్నించండి.

ముందు ఆ పిల్లాడి సంగతి. వాడు లేనిదేదీ గీయలేదు. రోజూ బడికి వెళ్తూ చూసేదే గీశాడు. మన ఊరి కోటకు నాలుగు పెద్ద గేట్లు: ఉత్తరాన జట్‌పురా, తూర్పున అంచలేశ్వర్, దక్షిణాన పఠాన్‌పురా, పడమర బింబా. గోండు రాజుల రాజముద్ర ఈ గేట్ల మీద చెక్కి ఉంది. ఏనుగును అణచిన సింహం. సింహం పెద్దది, ఏనుగు చిన్నది. ఆటోలు, స్కూటర్లు, కూరగాయల బళ్ళు, అన్నీ దాని కిందనుంచే పోతుంటాయి. మనలో ఎంతమందిమి తలెత్తి చూశాం? 2017 నుంచి ఎకో-ప్రో సంస్థ కుర్రవాళ్ళు కోట గోడల మీద పెరిగిన పిచ్చిచెట్లు కొట్టి, మట్టి ఎత్తి శుభ్రం చేశాక గానీ మనలో చాలామందికి మన ఊరికి ఇంత గోడ ఉందని గుర్తు రాలేదు.

ఆ గోండు రాజుల శిల్పులకు ఏనుగు ఎంత ఉంటుందో తెలియదా? అడవి మధ్య రాజ్యం చేసినవాళ్ళు. తెలిసే అలా చెక్కారు. అంటే వాళ్ళు చెక్కింది జంతువును కాదు, మరొకదాన్ని. అది ఏమిటన్నదే ఈ వ్యాసం.

మాకు ఇలాంటి జంతువు మొదట కనిపించింది వేలూరు కోట లోపల, జలకంఠేశ్వరుడి గుడి కల్యాణ మండపంలో. విజయనగర కాలపు పని. స్తంభం స్తంభానికీ ఒక యాళి. సింహం ఒళ్ళు, గుడ్లు పొడుచుకొచ్చిన కళ్ళు, కొన్నింటికి తొండం. అరవంలో సంగం కాలపు పాటల్లోనే ఆళి, యాళి అని ఈ జంతువు మాట ఉంది. ఏనుగును చంపి దంతాలు పెరికే మృగమని మా తమిళ పంతులుగారు చెప్పేవారు. తమిళ దేశపు గుళ్ళలో కొన్ని యాళుల నోట్లో రాతి గుండు ఒకటి ఉంటుంది. వేలు పెట్టి తిప్పితే తిరుగుతుంది. బయటికి మాత్రం రాదు. తెచ్చి పెట్టింది కాదు, ఆ రాతిలోనే, ఆ నోట్లోనే చెక్కింది. చిన్నప్పుడు అది లాగి చూడని పిల్లాడు ఉండడు. మేమూ లాగాం. గుడి అయ్యరు చూసి నవ్వి, "అది రాదు, తిప్పుకుంటూ ఉండు" అన్నారు. అప్పుడది ఉత్త పరిహాసం. యాభై ఏళ్ళ తర్వాత ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది.

2021 మే నెలలో మా చిన్నవాడు పోయాడు. వాడికి 31 ఏళ్ళు. ఎక్కడ, ఎలా అన్నది ఇక్కడ రాయం. ఆ నెలలో మన సంఘంలోనే ఎన్ని ఇళ్ళల్లో ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు. ఎవరూ ఎవరి గుమ్మమూ తొక్కలేని రోజులు. ఫోన్లు వచ్చాయి. మంచి మనసుతోనే చేశారు, అందరికీ రుణపడి ఉన్నాం. కానీ ఆ ఫోన్లలో వచ్చిన మాటలు ఇవి: "కర్మ, ఏం చేస్తాం." "దేవుడు మంచివాళ్ళనే ముందు తీసుకెళ్తాడు." "మీకు పెద్దవాడున్నాడు కదా." మేమడగని ప్రశ్నలన్నింటికీ జవాబులు వచ్చాయి. అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. ముందు పోవలసినవాళ్ళం మేముండగా వాడెందుకు?

రాత్రి మూడింటికి బొగ్గు బండి పోయే చప్పుడు మీకందరికీ అలవాటే. అది వినిపించినప్పుడల్లా మేమిద్దరం మెలకువతోనే ఉండేవాళ్ళం. ఒకరు నిద్రపోతున్నారని ఇంకొకరు కదలకుండా పడుకునేవాళ్ళం. ఇంటావిడ మహాకాళి గుడికి వెళ్ళడం మానేసింది. మేము రాయడం మానేశాం. పెద్దవాడు వచ్చి తీసుకెళ్తానంటే కసిరాం. ఒక చెంబు కింద పడితే ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం. ఏదో మమ్మల్ని చుట్టుకుని ఉంది. కానీ అదేమిటో, ఎక్కడుందో తెలియదు.

పార్సిలు ఆఫీసులో పనిచేసినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. మార్కా లేని మూట ఎంత చిన్నదైనా షెడ్డుకు బరువే. ఎక్కడికి పంపాలో తెలియదు, ఎవరు తీసుకోవాలో తెలియదు. దాన్ని రోజూ దాటుకుంటూ నడవాలి. మణుగుల బరువున్న మూటైనా మార్కా ఉంటే నలుగురు కలిసి ఎత్తి బండిలో పడేస్తారు. బల్లార్షాలో అన్నేళ్ళు చేసి కూడా మా ఇంట్లో ఉన్న మూటకు మార్కా లేదని మాకు తట్టలేదు.

అది తట్టించింది భారతం. ఊరికే పాత పుస్తకం తిప్పుతుంటే అరణ్యపర్వంలో నహుషుడి కథ దగ్గర చెయ్యి ఆగింది. చాలామందికి తెలిసిన కథే, అయినా చెబుతాం. వనవాసంలో భీముడు వేటకని తిరుగుతుంటే ఒక పెద్ద కొండచిలువ చుట్టేసింది. భీముడంటే ఎవరు? హిడింబుణ్ణి, బకాసురుణ్ణి చేతులతో చంపినవాడు. అంతటివాడు మెలికలు తిరిగినా ఆ పట్టు సడలలేదు. బలం ఉన్నకొద్దీ కారిపోయింది. ఆ పాము మాట్లాడింది కూడా. అది వాళ్ళ పూర్వీకుడే, నహుషుడు. ఇంద్రపదవి ఎక్కి, మదమెక్కి, ఋషులతో పల్లకీ మోయించి, అగస్త్యుణ్ణి కాలితో తన్ని, శాపం తగిలి పామైనవాడు. తన ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవాడు వస్తే గానీ శాపం తీరదు.

అక్కడ భీముడు ఏడుస్తాడు. తన ప్రాణం కోసం కాదు, తల్లి ఏమవుతుందో, అన్నదమ్ములు ఏమవుతారోనని. అది చదివి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఇటు ధర్మరాజుకు అపశకునాలు కనిపిస్తాయి. భీముడు ఇంకా రాలేదేమని లేచి, అడుగుల జాడ పట్టుకుని వెతుక్కుంటూ వస్తాడు. వచ్చి కత్తి దూయడు. పాముతో మాట్లాడతాడు. బ్రాహ్మణుడంటే ఎవరు అని పాము అడుగుతుంది. సత్యం, దానం, ఓర్పు, దయ ఉన్నవాడు, పుట్టుకతో కాదు అని ఆయన జవాబు. అంతటితో అయిపోలేదు. ఆ తర్వాత ధర్మరాజే పామును ప్రశ్నలడుగుతాడు, పాము జవాబులు చెబుతుంది. ఇద్దరూ కూర్చుని మంచిచెడ్డలు మాట్లాడుకున్నట్టే ఉంటుంది. చివరికి పాము భీముణ్ణి వదులుతుంది. నహుషుడూ పాము శరీరం వదిలి పైకి పోతాడు.

గ్రీకు దేశపు కథల్లో స్ఫింక్స్ అని ఒక జంతువుంది. ఆడమనిషి ముఖం, సింహం ఒళ్ళు. థీబ్స్ ఊరి దారిలో కూర్చుని పొడుపుకథ అడుగుతుంది, చెప్పలేనివాణ్ణి మింగేస్తుంది. ఈడిపస్ జవాబు చెప్పగానే అది కొండ మీదనుంచి దూకి చచ్చిపోతుంది. అక్కడ జవాబు మృగాన్ని చంపింది. మన కథలో జవాబు మృగాన్ని విడిపించింది. మాకు ఈ తేడా చాలా పెద్దదనిపించింది. మమ్మల్ని పట్టుకున్న ప్రశ్న మాకు శత్రువు కాకపోవచ్చు. అది మా ఇంటిదే. మా చిన్నవాడి మీద ఉన్న ప్రేమే అలా రూపం మారి చుట్టుకుని ఉందేమో. దాన్ని చంపాలనుకున్నన్ని రోజులూ మా బలమే కారిపోయింది.

కథలో ఇంకో సంగతి కూడా ఉంది. భీముడు తనంతట తాను బయటపడలేదు. ఒకరు వెతుక్కుంటూ వచ్చారు. మా ఇంటికీ వచ్చారు.

ఆ ఏడాది చలికాలంలో, వాడు పోయిన ఏడో నెలలో, మాతో పనిచేసి రిటైరైన ట్రాక్‌మన్ ఒకాయన వచ్చాడు. గోండు మనిషి, తాడోబా వైపు పల్లె. కూర్చుని టీ తాగి, "చిన్నబాబు ఎలా ఉండేవాడు, చెప్పండి బాబూజీ" అన్నాడు. ఏడు నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి. ఎలా పోయాడని అందరూ అడిగారు. ఎలా ఉండేవాడని ఎవరూ అడగలేదు. రెండు గంటలు చెప్పాం. ఇంటావిడ వాడి అల్లరి చెబుతూ ఒకసారి నవ్వింది కూడా.

పోతూ పోతూ ఆయన వాళ్ళ దేవుడి కథ చెప్పాడు. తాడోబా అనే పేరు తారు అనే గోండు పెద్దది. ఆయన పులితో కలబడి చనిపోయాడు. ఆయన గుడి అక్కడి చెరువు గట్టున, చెట్టు కింద ఉంది. 1955లో ఆ అడవి నేషనల్ పార్కు అయింది, మహారాష్ట్రలో మొదటిది. దేశదేశాలవాళ్ళు పులిని చూడటానికి వస్తారు. గోండులకు మాత్రం అది తారు చోటు. "గెలిచినవాణ్ణి ఎవరైనా దేవుడంటారు బాబూజీ. మావాళ్ళు పోయినవాణ్ణి దేవుణ్ణి చేసుకున్నారు. పులి మీద కోపమూ పెట్టుకోలేదు" అన్నాడాయన. పెద్ద చదువు లేని మనిషి. మా ఇద్దరి గుండెల్లోంచి ఏదో దించినట్టయింది. ఓడిపోయినా కలబడినవాడికి ఒక గౌరవం ఉంది. జవాబు దొరకకపోయినా అడగడం వృథా కాదు.

తర్వాతి వారం ఆయనే స్కూటరు మీద మమ్మల్ని లాల్‌పేట తీసుకెళ్ళాడు. అక్కడ నేల మీద పడి ఉన్న పెద్ద రాతి విగ్రహాలు మీలో కొందరు చూసే ఉంటారు. చూడనివాళ్ళు తప్పక చూడండి, అందులో మన వాటా కూడా ఉంది. గోండు రాజుల కాలంలో రాయప్ప అనే ధనవంతుడైన కోమటి పెద్ద శివాలయం కట్టాలని ఈ విగ్రహాలు చెక్కించాడని, గుడి లేవకముందే పోయాడని ఊరి కథ. కోమటి అన్నారంటే మన వైపువాడే కదా. బొగ్గు గనులు రాకముందు, పేపర్ మిల్లు రాకముందు, 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయి మద్రాసు బళ్ళు ఇటు పరుగెత్తకముందే మనవాడొకడు ఈ ఊళ్ళో ఇంత పెద్ద కల కన్నాడు. అన్నింటికన్నా పెద్ద రాయి సుమారు 26 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు. దాని మీద పది తలల మూర్తి.

ఊళ్ళో దాన్ని రావణుడంటారు. మేమూ చంద్రపూర్ వచ్చిన కొత్తలో అదే విన్నాం. పది తలలంటే రావణుడు కాక ఇంకెవరు? కానీ అది అమ్మవారు. దేవీమాహాత్మ్యం పారాయణ చేసేవాళ్ళకు తెలుసు, మొదటి చరిత్రకు దేవత మహాకాళి, ధ్యానంలో ఆమెకు పది ముఖాలు, పది చేతులు, పది పాదాలు. మన ఊరి గుడిలో తల్లి పేరు కూడా అదే. ఒక పక్క గుళ్ళో కొబ్బరికాయ కొడుతున్నాం, ఇంకో పక్క అదే తల్లి నేల మీద కనిపిస్తే రాక్షసుడంటున్నాం.

మా ఇంటావిడ ఆ రాతి పక్కన చాలాసేపు నిలబడింది. "తలలు లెక్కపెట్టి భయపడ్డాం గానీ ముఖం చూడలేదు" అంది. ఆ మరుసటి మంగళవారం ఆవిడ మళ్ళీ మహాకాళి గుడికి వెళ్ళింది. అద్భుతం ఏదీ జరగలేదు. మా ప్రశ్నకు జవాబూ రాలేదు. ఇప్పటికీ రాలేదు. కానీ ఇప్పుడు దానికొక ముఖం ఉంది. ముఖం ఉన్నదాని ఎదురుగా కూర్చోవచ్చు. యాళి నోట్లో గుండు లాంటిది. బయటికి రాదు, మింగుడుపడదు, తిప్పుకుంటూ ఉండాలి. తిప్పుకుంటూ ఉండొచ్చని తెలిసినప్పటినుంచి రాత్రి మూడు గంటల బండికి ఇద్దరం లేచి కూర్చుని మాట్లాడుకుంటున్నాం.

ఇప్పుడు మన ఊరు పుట్టిన కథకు వద్దాం. అదీ ఒక వింత జంతువు కథే. ఖాండ్క్యా బల్లాళ్ షా అనే గోండు రాజుకు ఒళ్ళంతా పుండ్లు. ఝర్‌పట్ వాగులో ఒక చిన్న గుంట నీళ్ళు తాగి, కడుక్కుంటే నయమయ్యాయి. ఆ చోటే అచలేశ్వరుడి గుడి. తర్వాత ఒక రోజు రాజు వేటకు పోతే, నుదుట తెల్ల మచ్చ ఉన్న కుందేలు ఒకటి రాజుగారి కుక్కను తరుముతోంది. కుందేలు కుక్కను తరమడమేమిటి? చాలాసేపు చుట్టూ తిరిగాక చివరికి కుక్కే తిరగబడి కుందేలును చంపేసింది. రాజు వచ్చి రాణికి చెప్పాడు. రాణి తెలివైనది. ఇది మంచి శకునం, ఆ కుందేలు పరుగెత్తిన జాడ వెంటే కోట గోడ కట్టండి అంది. ఇంకో మాట కూడా చెప్పిందంటారు. కుందేలు చచ్చిన చోట కోటకు ఎప్పటికైనా ప్రమాదమే, అక్కడ బురుజులు గట్టిగా కట్టండి అని.

ఈ కథ మనం పిల్లలకు చెబితే మొదటి సగం చెప్పి ఆపేస్తాం, 'ధైర్యం ఉంటే కుందేలు కూడా కుక్కను తరుముతుంది' అని. రెండో సగమే అసలు సంగతి. కుందేలు చచ్చిపోయింది. రాణి అది దాచలేదు. ఆ చోటును వదిలేసి గోడ పక్కకు జరపమనలేదు. ఎక్కడ దెబ్బ తగిలిందో అక్కడే బలంగా కట్టమంది. 2021 తర్వాత మన సంఘం చేయవలసింది అదే కదా. మనం ఏం చేశాం? ఒక సంతాప సభ పెట్టాం, పేర్లు చదివాం, రెండు నిమిషాలు నిలబడ్డాం, తర్వాత ఆ మాటే ఎత్తడం లేదు. ఉగాదికి, బతుకమ్మకు వాళ్ళ ఇళ్ళకు పిలుపు వెళుతుంది. వాళ్ళు రారు. మనం అడగం.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయని మాకు తెలుసు.

ఒకటి, సైన్సు చదివే పిల్లలకు ఈ లేనిపోని జంతువులెందుకు అని. ఈ మాట అనేవారిని మేము గౌరవిస్తాం. మన ఊళ్ళో పులి కథలో పులి కాదు. చేనుకు పోయిన మనిషి తిరిగిరాని ఇళ్ళున్న జిల్లా ఇది. నిజమైన పులి గురించి పిల్లలకు నిజమే చెప్పాలి. అడవి శాఖవాళ్ళు చెప్పేది వినాలి. అది వేరే పాఠం. కానీ సిగ్నల్ దగ్గర ఎర్రదీపాన్ని చూడండి. దీపం బండిని పట్టుకుని ఆపదు. దీపమే ప్రమాదమూ కాదు. ముందు ఏదో ఉందని చెబుతుంది, అంతే. 'వట్టి అద్దం ముక్కే కదా' అని ఏ డ్రైవరూ దాటిపోడు. గేటు మీద సింహం కూడా అలాంటిదే. అరణ్యపర్వంలోనే చివర యక్షుడు కొంగ రూపంలో చెరువు దగ్గర ప్రశ్నలడుగుతాడు. 'ముందు నీళ్ళు తాగుతాం, ప్రశ్న తర్వాత' అన్న నలుగురూ పడిపోయారు. ఆగి విన్నవాడు తానూ నిలబడ్డాడు, వాళ్ళనూ లేపుకున్నాడు.

రెండోది దీనికి ఎదురు. ఇవన్నీ ఒకప్పుడు నిజంగా ఉండేవి, ఎముకలు దొరికాయి అని మన గ్రూపులో ఫోటోలు తిరుగుతుంటాయి. దయచేసి అవి పంపకండి. యాళి ఎముక దొరికిందనుకుందాం. అది మ్యూజియానికి పోతుంది, టికెట్టు పెట్టి చూస్తాం. రాత్రి మూడు గంటలకు మా ఇంటికి రాదు. అది ఎక్కడా లేదు కాబట్టే అందరి ఇళ్ళల్లోకీ రాగలుగుతోంది.

ఒడిశా స్నేహితులు కొందరు రైల్వేలో మాతో చేసేవారు. వాళ్ళ సారళాదాసు భారతంలో నవగుంజర అనే జంతువుంది. తొమ్మిది జీవాల భాగాలు కలిసిన ఒళ్ళు. అర్జునుడు దాన్ని చూసి బాణం ఎక్కుపెడతాడు. అంతలో దాని ఒక చెయ్యి కనిపిస్తుంది, మనిషి చెయ్యి, అందులో తామరపువ్వు. బాణం దించి దణ్ణం పెడతాడు. బాణం వదలడానికీ దణ్ణం పెట్టడానికీ మధ్య తేడా ఒక్క క్షణం ఆగి చూడటమే. పిల్లాడి బొమ్మ దగ్గర మనం ఆ ఒక్క క్షణం ఆగలేదు.

కాబట్టి సంఘానికి మా విన్నపాలు మూడు.

మొదటిది, 'నిజమైన జంతువులే' అన్న రూలు పెట్టకండి. పిల్లలు భయపడేది, అడగలేనిది, ఇంట్లో ఎవరూ మాట్లాడనిది కాగితం మీదికి రావడానికి ఉన్న దారుల్లో ఇదొకటి. ఆ దారి మూసేస్తే వాళ్ళ దగ్గర మార్కా లేని మూటలు మిగులుతాయి.

రెండోది, వచ్చే నెలలో ఒక ఆదివారం ఉదయం పిల్లల్ని తీసుకుని జట్‌పురా గేటునుంచి అంచలేశ్వర్ గేటు దాకా, అక్కడినుంచి లాల్‌పేట దాకా పోదాం. ఎండ ఎక్కకముందే తిరిగొచ్చేద్దాం. టిఫిన్ల ఖర్చు మాది. పెద్దలు కూడా రండి. మనలో చాలామంది ఇక్కడే పుట్టి పెరిగినా తలెత్తి చూడలేదు.

మూడోది, మాకు అన్నింటికన్నా ముఖ్యమైనది. మన సభ్యుల్లో ఎవరింట్లోనైనా మనిషి పోతే పదకొండో రోజుతో మన పని అయిపోయిందనుకోకండి. మూడో నెలలో ఇద్దరు, ఆరో నెలలో ఇద్దరు ఆ ఇంటికి వెళ్ళాలి. జవాబులు పట్టుకెళ్ళొద్దు. కర్మ గురించి చెప్పొద్దు. పోయిన మనిషి ఎలా ఉండేవారో అడగండి, చెప్పింది వినండి, టీ తాగి రండి. ధర్మరాజు కూడా మొదట చేసింది భీముడు ఎక్కడున్నాడో వెతకడమే. ఈ పనికి ఒక చిన్న పుస్తకం పెట్టి, తేదీలు రాసి, ఎవరు వెళ్ళాలో చూసే గుమాస్తా పని మేము చేస్తాం. ఆ పని మాకు చేతనవును. 2021లో పోయినవాళ్ళ ఇళ్ళతోనే మొదలుపెడదాం. ఆలస్యమైందని మొహమాటపడకండి. మా ఇంటికి ఏడో నెలలో వచ్చిన మనిషి ఆలస్యంగా రాలేదు.

ఆ పిల్లాడి మాట ఒకటి చెప్పి ముగిస్తాం. పోటీ అయ్యాక వాడు మెట్ల మీద కూర్చుని సంచి సర్దుకుంటుంటే పక్కన కూర్చుని అడిగాం, "ఏనుగును మరీ అంత చిన్నగా ఎందుకు గీశావు నాన్నా?" అని. వాడు మాకేసి జాలిగా చూశాడు. "ఏనుగు చిన్నది కాదు తాతగారూ. అది భయపడింది" అన్నాడు.

మార్కుల సంగతి మీరే తేల్చండి. ఆ కాగితం మాత్రం మేము అడిగి తెచ్చుకున్నాం. మా చిన్నవాడి ఫోటో పక్కన గోడకు అంటించాం. ఎవరైనా వచ్చి చూడొచ్చు. టీ ఉంటుంది.